నీళ్లు మరగబెడితే సరిపోతుందా?

బోరు నీళ్లు కాచి చల్లార్చే తాగుతున్నాం కదా, ఇంకేం భయం అనుకుంటున్నారా? మరగబెడితే చచ్చేవి క్రిములే. ఫ్లోరైడ్, నైట్రేట్, సీసం లాంటివి ఎక్కడికీ పోవు. నీళ్లు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడతాయి!

బీరంగూడకి దగ్గరే పటాన్‌చెరు. అక్కడి ఫ్యాక్టరీల మురుగునీటిని శుద్ధి చేసి వదిలాక కూడా, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ మందు ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. 2009లో చుట్టుపక్కల బావుల్లోనూ మందుల జాడ బయటపడింది.

అందుకే బోరు నీళ్లు గిన్నెలకీ, బట్టలకీ ఉంచండి. తాగడానికే కాదు, అన్నానికీ, పప్పుకీ నల్లా మంచినీళ్లే పోయండి. ఎసరు నీళ్లు అన్నంలోనే ఇంకిపోతాయి మరి!

బోరు తప్పదంటే ముందు నీళ్లు పరీక్ష చేయించండి, ఫలితం చూశాకే ఫిల్టరు కొనండి. పసిపిల్లల పాలపొడిలో మాత్రం బోరు నీళ్లు కలపొద్దు. నైట్రేట్ ఎక్కువైతే వాళ్ల రక్తం ప్రాణవాయువుని సరిగా మోయలేదు.