మీకు తెలుసా? పట్టుకు ఆ మెరుపు ఎక్కడిది?

పట్టుగూడును వేళ్లతో నొక్కి చూడండి. గట్టిగా, గరుకుగా ఉంటుంది. మెరుపు అంతంత మాత్రమే. కారణం సెరిసిన్ అనే జిగురు ప్రోటీన్. ముడిపట్టు బరువులో దాదాపు పావు వంతు అదే! సబ్బు, సోడా వేసిన నీళ్లలో ఉడికిస్తే కరిగిపోతుంది. లోపలున్న అసలు పోగు, అంటే ఫైబ్రోయిన్ అనే ప్రోటీన్ మాత్రం చెక్కుచెదరదు. దాని ప్రోటీన్ గొలుసులు పక్కపక్కనే చేరి, హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆ బిగువులోకి నీరు చొరబడలేదు. ఇక మెరుపంటారా, పోగును అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే గుండ్రంగా కాదు, మూలలు మొద్దుబారిన త్రిభుజంలా కనిపిస్తుంది. ఆ చదును పక్కల మీద పడిన వెలుగే, ధర్మవరం చీర కుచ్చిళ్లు కదిలినప్పుడల్లా తళుక్కుమనేది. ఒక్క గూటిలో ఈ పోగు తెగకుండా సుమారు కిలోమీటరు పొడవుంటుందంటే నాకు ఇప్పటికీ అబ్బురమే.