తయారుచేసినవాడు లేని తాళంచెవి

"ఆ తాళంచెవి అసలు ఎవరు చేశారండీ?"

పోయిన నెల వచ్చిన ఉత్తరాల్లో ఒకదాని సారాంశమంతా ఈ ఒక్క ప్రశ్నే. రాసినాయన కాలేజీ రోజుల్లో స్నేహితుడి గదిలో ఒక వీడియోగేమ్ ఆడారట. అందులోని ఒక చిన్న ముక్క ఇన్నేళ్ళయినా నిద్రపట్టనివ్వడం లేదట. ఉత్తరం చదివాక నాకూ పట్టలేదు. వాతావరణ ఉపగ్రహాల మీద సగం రాసిపెట్టుకున్న వ్యాసాన్ని పక్కన పడేశాను. అవెలాగూ అక్కడే తిరుగుతుంటాయి, వచ్చే నెల చూసుకోవచ్చు.

ఆ గేమ్ పేరు 'టైమ్‌స్ప్లిటర్స్: ఫ్యూచర్ పర్ఫెక్ట్'. 2005లో వచ్చింది. మూడు గేముల వరసలో ఇదే ఆఖరిది. మొదటిది 2000లో ప్లేస్టేషన్ 2తో పాటే విడుదలైంది, రెండోది 2002లో. చేసింది ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో ఫ్రీ రాడికల్ డిజైన్ అనే సంస్థ. 1997లో జేమ్స్ బాండ్ 'గోల్డెన్‌ఐ' గేమ్‌తో పేరు తెచ్చుకున్న బృందంలోంచి కొందరు బయటికొచ్చి పెట్టుకున్నారు. ఆడేవాడి కళ్ళతోనే లోకం కనిపిస్తుంది, ఎదురుగా తుపాకీ గొట్టం. ఆ కోవ గేములన్నీ మొహం ముడుచుకుని యుద్ధాలు చేస్తున్న రోజుల్లో వీళ్ళు మాత్రం కోతుల చేతికి తుపాకులిచ్చారు. మంచుబొమ్మ, అల్లం బిస్కెట్ మనిషి కూడా బరిలోకి దిగుతారు. కథానాయకుడు సార్జెంట్ కోర్టెజ్‌ది బోడిగుండు. ఒకే పంచ్ డైలాగును సందర్భం ఉన్నా లేకపోయినా వదిలి తనకు తానే మురిసిపోతుంటాడు. 2401లో మనుషులకీ టైమ్‌స్ప్లిటర్స్ అనే జీవాలకీ యుద్ధం నడుస్తుంటే, దాని మూలం వెతుక్కుంటూ 1924 నాటి స్కాట్లండ్‌కీ, 1969కీ, 1994కీ దూకుతుంటాడు. కథ ఇంతే, ఇంతకుమించి అక్కర్లేదు.

ఇక తాళంచెవి సంగతి. కోర్టెజ్ ఒకచోట తలుపు తెరుచుకోక నిలబడిపోతాడు. ఇంకో కోర్టెజ్ ఎదురై తాళంచెవి ఇస్తాడు. వాడు కాసేపటి తర్వాతి కోర్టెజ్, అంటే వీడే. వీడు తలుపు తీసుకుని ముందుకు వెళ్ళి, కాసేపటికి కాలంలో వెనక్కి వచ్చి, అక్కడ నిలబడ్డ పాత తనకి అదే తాళంచెవి ఇస్తాడు. ఇప్పుడు చెప్పండి, అది ఏ కొలిమిలో పుట్టింది?

ఈ ప్రశ్న వినగానే మనవాళ్ళు తేల్చిపారేసే సమాధానం: "చెట్టు ముందా విత్తు ముందా లాంటిదే కదా!" కానే కాదు. ప్రతి చెట్టు వెనకా వేరే విత్తు ఉంది, ప్రతి విత్తు వెనకా వేరే చెట్టు ఉంది. ఓపికుంటే కోట్ల సంవత్సరాలు వెనక్కి నడుచుకుంటూ చెట్టూ విత్తూ రెండూ లేని చోటికి చేరుకోవచ్చు. జీవపరిణామం ఆ దారి మొత్తం చూపిస్తుంది. తాళంచెవికి అలాంటి దారి లేదు. దాని వెనక ఉన్నది వేరే తాళంచెవి కాదు, అదే.

ఇంకొందరు పురాణాల్లోకి వెళతారు. రైవతుడనే రాజు కూతురు రేవతిని తీసుకుని బ్రహ్మలోకానికి వెళ్ళి వచ్చేసరికి భూమ్మీద యుగాలు గడిచిపోయాయి కదా, మనవాళ్ళకి కాలప్రయాణం తెలుసు అంటారు. చక్కని కథే. అయితే ఆ ప్రయాణం భవిష్యత్తు వైపుకి. దానికి ఐన్‌స్టీన్ 1905 లెక్కల్లోనే అనుమతి ఉంది. రైవతుడు తిరిగి తన యుగానికి వెళ్ళలేదు కాబట్టి వలయం ఏర్పడలేదు. 'ఆదిత్య 369' సినిమాలో రాయలవారి నాటి వజ్రం కూడా ఈ లెక్కలోకి రాదు. అది గనిలో పుట్టి, అందరిలాగే ఒక్కో రోజూ గడుపుకుంటూ మన కాలానికి వచ్చింది.

తాళంచెవిది వేరే జాతి. రష్యన్ శాస్త్రవేత్తలు లోసెవ్, నోవికోవ్ 1992లో ఒక పరిశోధన పత్రంలో దానికి పేరు కూడా పెట్టారు: జిన్. అరేబియా కథల్లో సీసాలోంచి ఊడిపడే భూతమే. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు, పనిచేసి పెడుతుంది.

ఈ జిన్‌ని కాస్త దగ్గరగా చూద్దాం. ఏ వస్తువైనా పుట్టిన క్షణం నుంచి నాశనమయ్యే క్షణం దాకా కాలంలో ఒక గీత గీసుకుంటూ పోతుంది. భౌతికశాస్త్రంలో దాన్ని ప్రపంచరేఖ అంటారు. మీ ఇంటి తాళంచెవి రేఖ దారం ముక్కలాంటిది, రెండు కొసలుంటాయి. కోర్టెజ్ తాళంచెవి రేఖ గాజులాంటిది. గాజుకి కొస ఎక్కడ? వెనక్కి వచ్చిన కోర్టెజ్ జేబుతో పాటు ఆ లోకంలోకి వస్తుంది, చేతులు మారుతుంది, తలుపు తీస్తుంది, మళ్ళీ జేబులో పడి వెనక్కి వెళ్ళిపోతుంది. ఆ వ్యవధి పది నిమిషాలనుకుందాం. ఆ పది నిమిషాలకి ముందు విశ్వమంతా గాలించినా ఆ తాళంచెవి దొరకదు, ఆ తర్వాతా దొరకదు.

పెద్ద పెద్దవాళ్ళు కూడా కాలుజారే చోటు ఇక్కడే. "అలా తిరిగి తిరిగి, వెయ్యో చుట్టుకో లక్షో చుట్టుకో అరిగిపోదూ?" అంటారు. తర్కం ముచ్చటగా ఉంది గానీ తప్పు. వెయ్యో చుట్టు అనాలంటే మొదటి చుట్టు ఉండాలి. లేదు. చుట్టూ తిరుగుతోంది అని మనం అనుకోవడంలోనే, గాజు మీద పాకుతున్న చీమని తెలియకుండా ఊహించుకుంటున్నాం. గాజు ఎక్కడికీ పాకదు, అలా ఉంటుంది, అంతే. తాళంచెవి జీవితం మొత్తం ఆ ఒక్క పది నిమిషాలే. కోర్టెజ్‌కి ఆ సంఘటన ఇచ్చేవాడిగా ఒకసారి, పుచ్చుకునేవాడిగా ఒకసారి, రెండుసార్లు గుర్తుంటుంది. తాళంచెవికి మాత్రం అది ఒకే ఒక్కసారి జరిగింది.

అలాగని అరుగుదల సమస్య తప్పిపోలేదు, ఇంకా బిగుసుకుంది. చేతులు మారిన క్షణంలో ఉన్న తాళంచెవీ, తలుపు తీసి, జేబులో నాణేలతో రాసుకుని, కోర్టెజ్ చెమటతో తడిసి, వెనక్కి వచ్చి మళ్ళీ అదే క్షణానికి చేరిన తాళంచెవీ ఒకటే. ఒకేలాంటివి కావు, ఒకటే. పది నిమిషాల్లో ఒక్క గీత పడినా ఆ గీత మొదటి నుంచీ ఉండి ఉండాలి. మొదటి నుంచీ ఉంటే కొత్తగా పడినట్టు ఎలా? గాజుకైనా పట్టిపట్టి చూస్తే అతుకు కనిపిస్తుంది. ఈ వలయానికి అతుకు ఉండకూడదు. ఇరవై గ్రాముల ఇనుములో పరమాణువులు సుమారు 2 పక్కన 23 సున్నాలు. అవన్నీ పది నిమిషాల తర్వాత యథాస్థానంలో కూర్చోవాలి.

'సమ్‌వేర్ ఇన్ టైమ్' అనే 1980 నాటి హాలీవుడ్ సినిమాలో ఈ చిక్కు ఇంకా ఘోరంగా ఉంటుంది. ఒక ముసలావిడ కుర్రాడి చేతిలో జేబు గడియారం పెడుతుంది. అతను 1912కి వెళ్ళి, యవ్వనంలో ఉన్న ఆమె దగ్గర దాన్ని వదిలి వస్తాడు. ఆమె ముసలిదై అతనికిస్తుంది. ఆ గడియారం తన వలయంలో అరవై ఏళ్ళు నడవాలి, అయినా ఒక్క క్షణం కూడా పాతబడకూడదు. సినిమా తీసినవాళ్ళు దీన్ని ప్రేమకథ అనుకున్నారు. అందులోని అసలు త్యాగం గడియారానిది.

మరి జిన్ అసాధ్యమా? లోసెవ్, నోవికోవ్ చెప్పేది అలా కాదు. ఎంట్రోపీ, అంటే అస్తవ్యస్తత, పెరుగుతూనే ఉండాలన్న నియమం తనకు తానుగా వదిలేసిన వ్యవస్థకి. బయటినుంచి శక్తి ఖర్చుపెట్టి బాగుచేస్తే వస్తువు పూర్వస్థితికి రావచ్చు. దానికి పడే మూల్యం చుట్టుపక్కల గాలి వేడెక్కడంలో చెల్లిపోతుంది. అంటే కోర్టెజ్‌కి దారిలో తాళాలు బాగుచేసేవాడొకడు తగలాలి. గీతలు చెరిపి, తుడిచి, అణువు తేడా లేకుండా సరిచేసి ఇవ్వాలి. నియమం ఏదీ దాన్ని నిషేధించదు, కేవలం నమ్మశక్యం కాదు. వస్తువు ఎంత సంక్లిష్టమైతే అంత నమ్మశక్యం కాదు. అదే ఎలక్ట్రాన్ అయితే? ఎలక్ట్రాన్‌కి గీతలు పడవు, తుప్పు పట్టదు, నిన్నటి ఎలక్ట్రాన్‌కీ నేటిదానికీ తేడా చెప్పే గుర్తేదీ దాని మీద ఉండదు. జిన్ వేషానికి అంతకన్నా తగిన పాత్ర లేదు.

ఇంకో చిక్కు. కోర్టెజ్ తాళంచెవి ఇవ్వకుండా, తలుపు తెరిచే రహస్య సంఖ్యని చెవిలో చెప్పి ఉంటే? సంఖ్య అరగదు. ఇది రెండో రకం జిన్, వస్తువు లేని జిన్. బ్రిటిష్ భౌతికశాస్త్రవేత్త డేవిడ్ డాయిచ్‌ని 1991లో బాగా ఇబ్బందిపెట్టింది ఇదే. ఎవరూ ఆలోచించకుండానే జ్ఞానం ఊడిపడితే ఎలా అని ఆయన బాధ. నా మటుకు నాకు తాళంచెవి కన్నా ఇదే భయంకరంగా ఉంది. ఇనుము ఎక్కణ్ణుంచో వచ్చిందంటే సర్దుకుపోగలను. ఎవరి బుర్రా వేడెక్కకుండా లెక్క సాధించబడిందంటే మింగుడుపడదు.

అసలు ఇలాంటి వలయాలకి చోటుందా అంటే, కాగితం మీద ఉంది. ఐన్‌స్టీన్ సమీకరణాలకే తర్కశాస్త్రవేత్త కర్ట్ గోడెల్ 1949లో ఒక పరిష్కారం కనిపెట్టాడు. మొత్తం విశ్వం గిరగిరా తిరుగుతుంటుంది, అందులో గతంలోకి దారులుంటాయి. ఐన్‌స్టీన్ డెబ్భయ్యవ పుట్టినరోజు సంపుటికి రాసిన వ్యాసంలో దీన్ని చర్చించాడు. పుట్టినరోజు కానుకగా మనిషి నిద్ర చెడగొట్టడమంటే ఇదే. 1974లో ఫ్రాంక్ టిప్లర్, తిరిగే పొడవాటి స్తంభంతో ఇంకో దారి చూపాడు. గేమ్‌లో కోర్టెజ్‌కి 1969లో తోడుగా వచ్చే గూఢచారి పేరు హ్యారీ టిప్పర్. కాకతాళీయమేనేమో గానీ నాకు చెప్పకుండా ఉండబుద్ధి కాలేదు.

1980ల చివర్లో భౌతికశాస్త్రవేత్త కిప్ థోర్న్ బృందం వార్మ్‌హోల్‌ని, అంటే విశ్వంలో రెండు చోట్లని కలిపే ఊహాత్మక సొరంగాన్ని, కాలయంత్రంగా మార్చే ఉపాయం రాస్తే, ఇంకో భౌతికశాస్త్రవేత్త జోసెఫ్ పోల్చిన్‌స్కీ ఒక చిలిపి ప్రశ్న పంపాడు. బిలియర్డ్స్ బంతి వార్మ్‌హోల్లో దూరి, కాస్త ముందటి క్షణంలో బయటికి వచ్చి, తనకే అడ్డంగా తగిలి, అసలు దూరకుండా చేస్తే? థోర్న్ దగ్గరి ఎచెవెరియా, క్లింక్‌హామర్ లెక్కలు వేశారు. ఒక పరిష్కారంలో, వెనక్కి వచ్చిన బంతి సూటిగా కాకుండా ఒరుసుకుంటూ తగులుతుంది. ఆ ఒరుపు వల్లనే పాత బంతి కాస్త పక్కకి తిరిగి వార్మ్‌హోల్లో దూరుతుంది, అందువల్లనే బయటికి వచ్చేటప్పుడు ఒరుసుకునే దారిలో వస్తుంది. వైరుధ్యం లేదు. అంతవరకు బాగానే ఉంది. కానీ వాళ్ళకి దొరికింది ఒక్క పరిష్కారం కాదు, లెక్కలేనన్ని. బంతిని అదే వేగంతో, అదే దిక్కుకి వదిలినా ఏ కథ జరుగుతుందో భౌతికశాస్త్రం చెప్పలేకపోయింది.

ఉత్తరం రాసినాయనకి నా సమాధానం ఇక్కడుంది. కోర్టెజ్ తలుపు ముందు నిలబడతాడు, ఎవరూ రారు, తలుపు తెరుచుకోదు. ఇందులో వైరుధ్యం లేదు. ఎవరో వస్తారు, తాళంచెవి ఇస్తారు. ఇందులోనూ లేదు. నియమాలు రెండింటికీ ఒప్పుకుంటాయి, రెండింటిలో దేన్నీ కోరవు. తాళంచెవిని ఎవరూ చేయలేదండీ. ఎందుకు ఉందంటే ఉంది.

గేమ్‌వాళ్ళ మీద ఒక ఫిర్యాదు మాత్రం ఉంది. తాళంచెవి దగ్గర ఇంత నిష్ఠగా ఉన్నవాళ్ళు క్లైమాక్స్‌లో నీరుగారిపోయారు. కోర్టెజ్ గతాన్ని మార్చేసి, టైమ్‌స్ప్లిటర్స్ జీవాలు పుట్టకుండానే చేస్తాడు. యుద్ధమే లేకపోతే వాణ్ణి గతంలోకి పంపిందెవరు? ఒకే కథలో రెండు రాజ్యాంగాలు.

స్టీఫెన్ హాకింగ్‌కి ఈ గోలంతా నచ్చలేదు. కాలయంత్రం పనిచేయబోయే క్షణంలోనే ప్రకృతి దాన్ని ధ్వంసం చేస్తుందని 1992లో ప్రతిపాదించాడు. 2009లో కాలప్రయాణికులకి విందు ఏర్పాటు చేసి, విందయ్యాక ఆహ్వానం బయటపెట్టాడు. ఎవరూ రాలేదు. అది పరిహాసమే గానీ రుజువు కాదు. ప్రతిపాదన కూడా ఇంకా ప్రతిపాదనగానే ఉంది.

"దీనివల్ల ఉపయోగం ఏమిటి?" అని సంపాదకులు ప్రతిసారీ అడుగుతారు కాబట్టి: 2009లో ఆరన్సన్, వాట్రస్ అనే ఇద్దరు, ఇలాంటి వలయాలు చేతికొస్తే మామూలు కంప్యూటరూ క్వాంటమ్ కంప్యూటరూ సమాన బలం గలవైపోతాయని నిరూపించారు. 2014లో ఆస్ట్రేలియాలో ఫోటాన్లతో, డాయిచ్ 1991లో వర్ణించిన కాలవలయాన్ని అనుకరించి చూశారు. చాలా?

ఇక ఆ గేమ్ చేసిన ఫ్రీ రాడికల్ 2008 చివర్లో దివాలా తీసింది. తర్వాత చేతులు మారి, పేర్లు మారి, 2021లో పాత పేరుతోనే మళ్ళీ తెరుచుకుని, 2023 డిసెంబరులో మూతపడింది. మధ్యలో దాని వారసులు 2016లో 'హోమ్‌ఫ్రంట్: ది రెవల్యూషన్' అనే వేరే గేమ్ చేశారు. అందులో ఒక మూల ఆర్కేడ్ యంత్రం ఉంటుంది. దాని దగ్గరికి వెళితే 2002 నాటి టైమ్‌స్ప్లిటర్స్ 2 కొంత ఆడుకోవచ్చు. నిజానికి గేమ్ మొత్తం అందులో దాగి ఉందని, అది తెరవడానికి ఒక రహస్య కోడ్ కావాలని, కోడ్ రాసుకున్న పుస్తకం తన దగ్గర పోయిందని, దాన్ని అందులో పెట్టిన ప్రోగ్రామరే కొన్నేళ్ళ తర్వాత చెప్పాడు. అభిమానులు తలలు పట్టుకున్నారు. చివరికి కోడ్ దొరికింది. రేపటినుంచి మాత్రం ఎవరూ తెచ్చివ్వలేదు.