పాత చక్రాలు: కొలత, మరమ్మతు

మానవ నాగరికతలో చక్రానికి గల స్థానము సర్వజన విదితమే. మన పల్లెలలో బండి చక్రము చేసే వడ్రంగికి, దానికి ఇనుప కమ్మి తొడిగే కమ్మరికి కొలతయే ప్రాణము. కమ్మి చుట్టుకొలత చెక్క చక్రపు చుట్టుకొలత కన్న కొంచెము తక్కువగా ఉండవలెను. దానిని ఎర్రగా కాల్చి తొడిగి నీళ్ళు చల్లగానే అది సంకోచించి పూటీలను, ఆకులను గట్టిగా బిగించి పట్టును. ఆ తేడా ఎక్కువైనచో ఆకులు చిట్లును. చాలనిచో నడిదారిలో కమ్మి ఊడిపోవును. నేటి కారు చక్రములో చెక్క లేదు, ఆకులు లేవు. కాని కొలత తప్పిన చక్రము ఇరుసుకు శత్రువన్న సత్యము మాత్రము మారలేదు.

తెలుగు పాఠములు చెప్పుకొనే మాకు కారు చక్రాలతో పనియేమని చదువరులు అడుగవచ్చును. మేము ఒక పాత మారుతి 800 కారు కొన్నాము. 1983 డిసెంబరులో రోడ్డుమీదికి వచ్చి, 2014 జనవరిలో తయారీ నిలిచిపోయిన ఆ చిన్న కారుకు పాత సామానులు వెదకుకొనుట నేడు పరిపాటి. మా కారు చక్రాల అంచులు తుప్పుతో పొరలు పొరలుగా లేచి, ఒక రాత్రి గడిచేసరికి టైర్లలో గాలి సగము దిగిపోయేది. పాత సామానుల బజారులో వెండి రంగుతో మిలమిల మెరుస్తున్న నాలుగు చక్రాలు కనబడగా, ఆ మెరుపు చూచి డబ్బు చెల్లించి తెచ్చుకొన్నాము. మా విద్యార్థి తండ్రి ఒకరు నలభై ఏండ్లుగా షెడ్డు నడుపుతున్నారు. ఊరంతా ఆయనను ఉస్తాద్ అని పిలుస్తారు. చక్రాలు చూచి ఆయన చిరునవ్వు నవ్వి, "సార్, రంగు కళ్ళ కోసం, కొలత ప్రాణం కోసం. ముందు కొలుద్దాం" అన్నారు. ఆ రెండు రోజులలో ఆయన షెడ్డులో మేము నేర్చుకొన్నదే ఈ వ్యాసము.

మొదటి కొలత వ్యాసము. చక్రము వ్యాసమనగానే ఈ అంచు నుండి ఆ అంచుకు టేపు పట్టుట సామాన్యుని అలవాటు. అది పొరపాటు. పుస్తకాలలోను, టైరు మీదను వ్రాసే అంగుళాల లెక్క టైరు అంచు కూర్చుండే పీఠము దగ్గరి వ్యాసమునకు సంబంధించినది. పైకి లేచిన చెవి వంటి అంచు అందులో చేరదు. మా చక్రము 12 అంగుళాలది. దాని పీఠము దగ్గర కొలిచిన 304 మిల్లీమీటర్లు వచ్చును. బయటి అంచులను కలుపుకొని కొలిచినచో 330 దాటును. ఈ తేడా తెలియనివారు దానిని 13 అంగుళాల చక్రమని భ్రమించి, ఎక్కని టైరును కొని తెచ్చుకొందురు.

రెండవది వెడల్పు. దీనిని కూడ రెండు చెవుల లోపలి ముఖాల మధ్యనే కొలవవలెను. వెలుపలి కొలత సుమారు ఒక అంగుళము ఎక్కువ చూపును. కొన్ని చక్రాలపై 4½ జె × 13 వంటి ముద్ర కనబడును. అందులో మొదటి అంకె వెడల్పు, చివరి అంకె వ్యాసము, నడుమనున్న అక్షరము అంచు ఆకారమునకు గుర్తు. ముద్ర కనబడినదని కొలత మానరాదు. కొలిచిన తరువాత ముద్రతో సరిచూచుకొనుట ఉత్తమము.

మూడవది బోల్టుల వృత్తము. షెడ్డులలో దీనిని పి.సి.డి. అంటారు. బోల్టు రంధ్రాల కేంద్రాలన్నిటిని కలుపుతూ పోయే వృత్తపు వ్యాసమే ఇది. నాలుగు రంధ్రాల చక్రానికి లెక్క సులభము. ఎదురెదురు రంధ్రాలలో ఒకదాని లోపలి అంచు నుండి రెండవదాని వెలుపలి అంచు వరకు కొలిచిన చాలును. రంధ్రాలు సమానము కనుక అదే కేంద్రాల మధ్య దూరమగును. మా చక్రాలకు 114 మిల్లీమీటర్ల పైచిలుకు, అనగా నాలుగున్నర అంగుళాలు వచ్చినది. రంధ్రాలు ఐదైనచో ఎదురెదురు జత ఉండదు. అప్పుడు పక్కపక్కనున్న రెండు రంధ్రాల కేంద్రాల దూరమును 1.7 చేత గుణింపవలెను. ఆ దూరము 67.2 మిల్లీమీటర్లయినచో వృత్తము సుమారు 114 అగును. పాఠశాలలో నేర్చిన రేఖాగణితము ఇంతకాలమునకు గ్రీజు పట్టిన చేతులలో మాకు కనబడినది.

ఇక్కడ కొద్ది తేడా కూడ ప్రమాదకరము. లోకములో 98 మిల్లీమీటర్ల వృత్తము గల చక్రాలు, 100 మిల్లీమీటర్ల వృత్తము గల చక్రాలు రెండును వాడుకలో ఉన్నవి. ఒకదాని స్థానములో రెండవది బలవంతముగా ఎక్కించినచో నట్టులు ఎక్కినట్లే కనిపించును. కాని ప్రతి బోల్టును ఒక మిల్లీమీటరు పక్కకు లాగుతూ వంకరగా కూర్చుండును. అట్టి బోల్టు కొంతకాలమునకు వదులగును, లేదా విరుగును.

నాలుగవది చక్రము లోతు. చక్రమును బోర్లించి, వెనుక అంచుపై ఒక చదునైన బద్దను అడ్డముగా ఉంచి, దానినుండి హబ్బును తాకే ముఖము వరకు గల లోతును కొలవవలెను. అందులోనుండి చక్రపు మొత్తము వెడల్పులో సగమును తీసివేయగా మిగిలినదే ఆఫ్‌సెట్టు. ఉదాహరణకు మొత్తము వెడల్పు 126, వెనుక లోతు 103 అయినచో, 103 నుండి 63 పోగా 40 మిల్లీమీటర్లు. ఈ సంఖ్య మరీ పెరిగినచో చక్రము లోపలికి జరిగి స్టీరింగు భాగాలకు రాసుకొనును. తగ్గినచో బయటికి జరిగి బేరింగులపై భారము పెంచును. నడిమి రంధ్రము కూడ హబ్బుపై సరిగా కూర్చుండవలెను.

కొలతలన్నియు సరిపోయినవి. ఇక పరీక్షలు మిగిలినవి. ఉస్తాద్ ఒక్కొక్క చక్రమును టైరు లేకుండా కారు హబ్బుకే బిగించి, జాకీపై లేపి, ఇటుకకు కట్టిన తీగ మొనను అంచునకు దగ్గరగా ఉంచి మెల్లగా త్రిప్పారు. తీగకు, అంచుకు నడుమ సందు ఎక్కడ పెరుగుచున్నదో, ఎక్కడ తరుగుచున్నదో చూచుటకే ఈ ఏర్పాటు. పక్కలకు ఊగుట ఒకటి, పైకి క్రిందికి ఎగురుట మరొకటి. రెండింటిని వేరువేరుగా చూడవలెను. ఒక మిల్లీమీటరు వరకు ఫరవాలేదు. మూడు చక్రాలు ఆ హద్దులోనే తిరిగినవి. నాలుగవది సుమారు మూడు మిల్లీమీటర్లు ఊగినది.

అప్పుడు ఆయన ఆ చక్రము రంగును బోల్టు రంధ్రాల చుట్టూ గీకి తీసి, కిరసనాయిలు పూసి కొంతసేపు వదలిపెట్టారు. తరువాత పొడిగుడ్డతో శుభ్రముగా తుడిచి, స్పిరిట్టులో కలిపిన సుద్దను పలుచగా పూసి ఆరనిచ్చారు. కంటికి కనబడని పగులులోనికి దిగిన కిరసనాయిలు మెల్లగా పైకి వచ్చి తెల్లని సుద్దపై చారగా తేలును. కొద్ది నిమిషాలలో ఒక రంధ్రము నుండి రెండు సెంటీమీటర్ల పొడవున వెంట్రుక వంటి నల్లని గీత మా కళ్ళ ఎదుట లేచినది. మేము మెచ్చి కొన్న వెండి రంగు క్రింద ఉన్నది ఇది.

"వెల్డింగు చేయించి స్టెప్నీగా ఉంచుకోరాదా?" అని మేము అడిగాము. పెట్టిన డబ్బుమీద మమకారము అట్టిది. "బోల్టుల దగ్గర పగిలిన చక్రం వెల్డింగుతో బ్రతకదు సార్. స్టెప్నీ ఎక్కేది ఎప్పుడు? రాత్రి, వానలో, ఊరు కాని ఊళ్ళో, పిల్లలు బండిలో ఉన్నప్పుడు" అన్నారాయన. స్టెప్నీ అనే మాట వేల్సు దేశములోని లానెల్లి పట్టణమునకు చెందినది. అక్కడి స్టెప్నీ వీధిలో డేవీస్ సోదరులు 1904 ప్రాంతమున అదనపు చక్రాన్ని తయారుచేయగా, వీధి పేరే చక్రము పేరై మన తెలుగు వాడుకలో కూడ స్థిరపడినది. ఆపదలో ఆదుకొనుటకే పుట్టిన చక్రము ఆపదకు కారణము కారాదు కదా!

అమ్మిన వర్తకుని కడకు పోయి చూపగా, అతడు సొమ్ము తిరిగి ఇచ్చుటకు ఒప్పుకొనలేదు. "మళ్ళీ రంగు వేసి ఇంకెవరికైనా ఇచ్చేయండి, ఎవరికి తెలుస్తుంది?" అని సలహా చెప్పినాడు. ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూచిన ప్రవక్త మహనీయులకు లోపల తడి తగిలిన వృత్తాంతము హదీసులలో కలదు. వానకు తడిసినదని వర్తకుడు విన్నవింపగా, ఆ తడిసిన దానిని జనులకు కనబడునట్లు పైననే ఎందుకు ఉంచలేదని వారు ప్రశ్నించారు. ఆ ప్రశ్న ధాన్యానికే కాదు, ఇనుమునకును వర్తించును. ఉస్తాద్ ఆ చక్రమును గ్యాస్ కట్టరుతో రెండు ముక్కలు చేసి తుక్కులో వేశారు. మరెవరును దానిని బండికి తగిలింపలేరు. తుక్కు ధరకు మాకు దక్కినది స్వల్పము. నాలుగవ చక్రమును మరొక చోట, ఈసారి కొలిచి, సుద్ద పరీక్ష చేసిన తరువాతనే డబ్బిచ్చి తెచ్చాము.

బాగుచేయుట ఆ తరువాతి మాట. ముందుగా బురదను, గ్రీజును సబ్బునీటితో కడిగి ఆరబెట్టవలెను. తుప్పును తీగ కుంచెతోను, ఎమరీ కాగితముతోను లోహము కనబడువరకు తీయవలెను. టైరు కూర్చుండే పీఠము నున్నగా లేనిచో ట్యూబు లేని టైరులో గాలి నిలువదు. మా పాత చక్రాల జబ్బు అదే. తుప్పు లోతుగా తిని రేకు పలుచబడిన చోట రంగు పూసి మోసపోరాదు. నట్టు కూర్చుండే రంధ్రము కోలగా సాగియున్నను ఆ చక్రమును విడిచిపెట్టవలెను. శుభ్రము చేసిన నాడే రెడ్ ఆక్సైడ్ పూత, అది ఆరిన పిదప పై రంగు, పలుచని పూతలుగా వేయవలెను. నట్టు కూర్చుండే చోటను, హబ్బును తాకే ముఖముపైనను మందపు రంగు పనికిరాదు. బిగించినప్పుడు గట్టిగా ఉన్నట్లే తోచిన నట్టు, ఆ రంగు నలిగిపోగానే వదులగును.

అల్యూమినియం మిశ్రమపు చక్రాల సంగతి వేరు. వానిలో సాధారణముగా 7 శాతము సిలికాన్, కొద్దిపాటి మెగ్నీషియం ఉండును. పోతపోసిన పిదప ప్రత్యేకమైన ఉష్ణ సంస్కారము వలననే వానికి బలము చేకూరును. వంకర తీయుటకు మంటతో కాల్చినచో ఆ బలము నశించును. కాస్టిక్ సోడా వానిని తినివేయును. కావున ఇనుప చక్రమునకు చేసిన చికిత్స దానికి చేయరాదు.

తిరిగి బిగించునప్పుడు నట్టులను వరుసగా కాక, ఎదురెదురుగా కొంచెము కొంచెముగా, తయారీదారుల పుస్తకములో చెప్పినంత గట్టిగా బిగింపవలెను. 50 నుండి 100 కిలోమీటర్లు నడిచిన పిదప మరల సరిచూడవలెను. టైరు పక్కనున్న నాలుగంకెల ముద్ర దాని వయస్సు చెప్పును: 2319 అనగా 2019వ సంవత్సరము 23వ వారము. కొత్త వాల్వులు వేయించి, బ్యాలెన్సు చేయించినచో పని ముగిసినట్లే.

మా కారు ఇప్పుడు గాలి దిగకుండ, స్టీరింగు వణకకుండ నడుచుచున్నది. మా విద్యార్థులలో షెడ్డులలో పెరిగినవారు కలరు. తమ తండ్రుల వృత్తిని చెప్పుకొనుటకు కొందరు సంకోచించుట మేము ఎరుగుదుము. ఆ షెడ్డులో గణితము కలదు, లోహశాస్త్రము కలదు, అన్నిటికన్న మిన్నగా పరుని ప్రాణము పట్ల బాధ్యత కలదు. రంగు క్రింద ఏమున్నదో చూడనిదే మెచ్చరాదని మాకు నేర్పినవారు ఏ విశ్వవిద్యాలయ పట్టము లేని ఒక ఉస్తాద్. ఆయన కుమారుడు మా తరగతిలో మొదటి బల్లపై కూర్చుండును. ఆ కూర్చుండుట తలవంచుకొని కాక తలయెత్తుకొని కావలెనని మా ఆకాంక్ష.