గరాజులో మైనం వంట

కెనడా వచ్చిన కొత్తలో మనవాళ్ళకి కారంటే ఆఫీసుకీ ఇండియన్ స్టోరుకీ తిప్పే బండి మాత్రమే. లోను తీరి, గరాజ్ ఉన్న ఇంట్లోకి మారాక అదే బండి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది. నాకూ పుట్టింది. రెండేళ్ళు తిరిగేసరికి గరాజ్ అలమరలో సగం వాడిన వాక్స్ డబ్బాలు నాలుగు చేరాయి. ఒకటి అద్దంలా మెరుస్తుంది కానీ మూడు వారాలకే పోతుంది. ఇంకోటి నెలల తరబడి ఉంటుంది కానీ ఆ మెరుపు రాదు. కంప్యూటర్ సైన్స్ చదివిన బుర్ర కదా, ఊరుకోదు. "ఈ రెండూ కలిపేస్తే?" అంది.

ఈ ఆలోచన మీకూ వచ్చి ఉంటే ఈ వ్యాసం మీ కోసమే. కలపడం ఎలాగో చెబుతాను. అంతకన్నా ముందు ఎలా కలపకూడదో చెబుతాను. ఎందుకంటే అది నేను మా ఇంటిని పణంగా పెట్టి నేర్చుకున్నాను.

డబ్బాలో ఏముంది?

కారు వాక్సులో పేరున్న సరుకు కార్నోబా మైనం. ఇది ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక చెట్టు ఆకుల మీంచి వస్తుంది. చూడ్డానికి మన తాటిచెట్టుకి దాయాదిలా ఉంటుంది, ఆకు కూడా విసనకర్రలాగే. ఎండకి నీరు ఆవిరైపోకుండా ఆ చెట్టు ఆకు మీద మైనం పూత వేసుకుంటుంది. ఆకులు కోసి, ఎండబెట్టి, దులిపి ఆ పొడి తీస్తారు. అమెరికాలోని ఎస్.సి. జాన్సన్ కంపెనీ అధిపతి హెచ్.ఎఫ్. జాన్సన్ 1935లో ఈ చెట్ల కోసం విస్కాన్సిన్ నుంచి సికోర్‌స్కీ విమానంలో బ్రెజిల్ దాకా వెళ్ళాడంటే దీని విలువ ఊహించుకోవచ్చు.

కార్నోబా 82 నుంచి 86 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది. తేనెమైనం 62-64 డిగ్రీలకే కరుగుతుంది. కార్నోబా గట్టిది, పెళుసు. ఒక్కదాన్నే కారు మీద రుద్దితే ఇటుకతో రుద్దినట్టే. కాబట్టి డబ్బా మీద "నూరు శాతం కార్నోబా" అని కనిపిస్తే, దాన్ని "ఇందులో ఉన్న మైనమంతా కార్నోబాయే" అని చదువుకోవాలి. మిగతాదంతా దాన్ని మెత్తబరిచే ద్రావకం, నూనెలు, సిలికోన్లు. మనం పూసినప్పుడు ద్రావకం ఆవిరైపోతుంది. పెయింట్ మీద చాలా పలచని మైనం పొర మిగులుతుంది.

మైనం కలపడం కొత్త విద్యేం కాదు. తమిళనాడులోని స్వామిమలైలో పంచలోహ విగ్రహాలు పోసే స్థపతులు తేనెమైనంలో గుగ్గిలం, వేరుశెనగ నూనె కలిపి బొమ్మకి కావలసిన గట్టిదనం తెచ్చుకుంటారు. వాళ్ళకి ఏది ఎందుకు కలుపుతున్నారో తెలుసు. తేడా అంతా అక్కడే ఉంది.

రెండు డబ్బాలు కలిపితే?

నేను మొదట చేసిన పని అలమరలోంచి రెండు డబ్బాలు తీసి, వేడిచేసి, కలిపేయడం. మన భాషలో చెప్పాలంటే, సోర్స్ కోడ్ లేని రెండు ప్రోగ్రాములని తెచ్చి బలవంతంగా అతికించడం. లోపల ఏముందో తెలియదు. పని చేయకపోతే ఎందుకు చేయలేదో కూడా తెలియదు.

వాక్సులు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది ద్రావకంలో మైనం ఉన్న ముద్ద. రెండోది నీళ్ళలో మైనాన్ని చిన్న చిన్న బిందువులుగా నిలబెట్టిన ద్రవం, అంటే మజ్జిగలాంటి ఎమల్షన్. మూడోది సింథటిక్ సీలెంట్. ఇందులో పాలిమర్లు పెయింట్‌ని అంటుకుని, గంటల తరబడి ఆరుతూ గట్టిపడతాయి.

మొదటిదీ రెండోదీ కలిపితే పాలలో నిమ్మకాయ పిండినట్టు విరిగిపోవచ్చు. మొదటిదీ మూడోదీ కలిపితే పైకి బాగానే కనిపిస్తుంది. కానీ మైనం మధ్యలో అడ్డుపడి పాలిమర్‌ని పెయింట్‌కి సరిగా అంటనివ్వదు. మెరుపూ సగమే, మన్నికా సగమే. నాకు జరిగింది అదే. పైగా బానెట్ మీద తెల్లటి మసక. అది వదిలించడానికి ఒక ఆదివారం పట్టింది. ఇంకో ప్రమాదం ఉంది. "క్లీనర్ వాక్స్" అని అమ్మేవాటిలో సన్నటి రాపిడి పొడి ఉంటుంది. అది తెలియకుండా మన మిశ్రమంలో కలిస్తే, వేసిన ప్రతిసారీ క్లియర్‌కోట్‌ని కొద్దికొద్దిగా అరగదీస్తున్నట్టే.

బేస్‌మెంట్‌లో ఏం జరిగింది?

దీంతో బుద్ధి వచ్చి, ముడి సరుకులే కొని మొదటినుంచీ చేద్దామనుకున్నాను. కార్నోబా రేకులు, తేనెమైనం, ద్రావకంగా నాఫ్తా. అది జనవరి. గరాజ్‌లో చేతులు కొంకర్లు పోతున్నాయి. అందుకని చిన్న ఎలక్ట్రిక్ పొయ్యి పట్టుకుని బేస్‌మెంట్‌లోకి దిగాను.

అప్పుడు ఇండియా నుంచి మా నాన్న వచ్చి ఉన్నారు. ఆయన పడుకునేదీ ఆ బేస్‌మెంట్ గదిలోనే. మైనం కరిగింది, నాఫ్తా పోశాను. రెండు నిమిషాల్లో నాన్న గదిలోంచి బయటికొచ్చారు.

"ఒరేయ్, ఏంట్రా ఈ వాసన? ఇక్కడెక్కడైనా మంట ఉందా?"

"లేదు నాన్నా, ఇది కరెంటు పొయ్యి."

"మరి అదేంటి?" అని మూలకి చూపించారు. గ్యాస్ వాటర్ హీటర్. దాని అడుగున నేలకి జానెడు ఎత్తులో నీలంగా పైలట్ మంట వెలుగుతోంది.

చాలా ఏళ్ళు కిరసనాయిలు స్టవ్వుతో కాపురం చేసిన మనిషి ఆయన. నేను ఉష్ణోగ్రతలన్నీ పట్టిక వేసుకుని కూర్చున్నాను కానీ ఆ మూలకి చూడలేదు. పొయ్యి ఆపి, గిన్నె మీద మూత పెట్టి, దాన్ని మంచులోకి పట్టుకెళ్ళాను. తలుపులు తెరిచి, ఆ చలిలో గంటసేపు పైన కూర్చున్నాం. నాన్న ఒక్క మాట కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

లెక్క చాలా తేలిక. ద్రావకం ఆవిరికి నిప్పు అంటుకోగల కనీస ఉష్ణోగ్రతని ఫ్లాష్ పాయింట్ అంటారు. పెయింటు షాపుల్లో దొరికే నాఫ్తాకి అది 10 డిగ్రీల అటూఇటూ. మామూలు మినరల్ స్పిరిట్స్‌కి 40 డిగ్రీల దగ్గర. కార్నోబా కరగడానికి 80 పైన కావాలి. అంటే ఈ వంటలో ద్రావకం ఎప్పుడూ ప్రమాదపు గీత దాటే ఉంటుంది. పైగా ఆ ఆవిరి గాలికన్నా బరువు. పైకి పోదు, నేలబారుగా పాకుతూ వెళ్ళి మంటని వెతుక్కుంటుంది. ఎలక్ట్రిక్ పొయ్యి కూడా సురక్షితం కాదు. దాని స్విచ్చిలో వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు.

అయినా చేస్తానంటారా?

అయితే ఇలా చేయండి. మే నుంచి సెప్టెంబరు లోపు, పెరట్లో, ఇంటికి దూరంగా. దగ్గర్లో బార్బెక్యూ గానీ సిగరెట్టు గానీ ఉండకూడదు. నీళ్ళు ఇంట్లోనే కెటిల్‌లో మరిగించి, బయటికి తెచ్చి బకెట్‌లో పోయండి. మళ్ళీ వంటకి వాడని పాత స్టీలు గిన్నెలో 20 గ్రాముల కార్నోబా, 10 గ్రాముల తేనెమైనం, 70 గ్రాముల మినరల్ స్పిరిట్స్ వేసి ఆ నీళ్ళలో నిలబెట్టండి. ఫ్లాష్ పాయింట్ 60 డిగ్రీలు దాటిన రకం దొరికితే అదే కొనండి. మూత బిగించకూడదు. నీళ్ళు చల్లారితే మార్చండి, కర్రపుల్లతో కలపండి. పొయ్యి లేదు, మంట లేదు, స్విచ్చి లేదు. కరిగాక చల్లారేదాకా కలుపుతూ ఉంటే పలుకులు కట్టకుండా వెన్నలా వస్తుంది.

చేతికి గ్లోవ్స్, పక్కన మంటలార్పే సిలిండర్, గిన్నెకి సరిపోయే మూత ఉండాలి. మైనం అంటుకుంటే నీళ్ళు పోయకూడదు, ఎగిసిపడుతుంది. మూత పెట్టి ఊపిరాడకుండా చేయాలి. మిగిలిన ద్రావకాన్ని సింకులో పోయకండి, మీ ఊరి ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో ఇవ్వండి.

"ఆ కంపు నూనె ఎందుకురా, కొబ్బరినూనె వేస్తే పోలా?" అని నాన్న అడిగారు. మంచి ప్రశ్నే. కొబ్బరినూనె ఆవిరి కాదు. జిడ్డు అలాగే ఉండిపోయి దుమ్ముని పట్టుకుంటుంది.

పరీక్ష

ఒకసారికి ఒక్క పాళ్ళే మార్చండి, డబ్బా మీద తేదీ, కొలతలు రాయండి. కారంతా పూయకుండా డిక్కీ మూతని మాస్కింగ్ టేపుతో మూడు భాగాలు చేసి ఒకదానికి మీది, ఒకదానికి కొన్నది, ఒకదానికి ఏమీ లేకుండా ఉంచండి. వారానికోసారి నీళ్ళు చల్లి బొట్లు ఎలా నిలుస్తున్నాయో చూడండి. నా మూడో మిశ్రమం ఒక వేసవిలో ఆరు వారాలు నిలిచింది. కొన్న డబ్బా కూడా ఆరు వారాలే. నిజం చెప్పాలి కదా.

అయితే మెరుపూ మన్నికా రెండూ కావాలంటే దారి లేదా? ఉంది, కలపకుండానే. ముందు సీలెంట్ వేసి, దాని డబ్బా మీద చెప్పినంత సేపు ఆరనిచ్చి, ఆ పైన కార్నోబా వేయండి. ఒకే గిన్నెలో ఇమడనివి ఒకదాని మీద ఒకటి చక్కగా ఇముడుతాయి.

ఇంకొక్క మాట. కెనడా రోడ్ల మీద ఏడాదికి దాదాపు 50 లక్షల టన్నుల ఉప్పు చల్లుతున్నారని 2001లో ప్రభుత్వ నివేదిక లెక్క వేసింది. ఆ ఉప్పు కారుని తినేది ఎక్కువగా అడుగునుంచి. పైన ఎంత ఖరీదైన మైనం పూసినా అడుగున తుప్పు ఆగదు. శీతాకాలంలో అడుగు కడిగించడం, ఏటా తుప్పు నిరోధక నూనె కొట్టించడం దానికి మందు.

నాన్న ఇండియా వెళ్ళిపోయారు. ఇప్పటికీ ఫోనులో అమ్మ ఆరోగ్యం, పిల్లల చదువులు అయ్యాక చివరగా అడుగుతారు: "మళ్ళీ ఆ మైనం వంట చేస్తున్నావా?" చేస్తున్నాను. కానీ పెరట్లో.