రబ్బరు పాలు గీసిన చేతులు

వలస వచ్చినవాళ్ల వల్ల కొత్త ఆవిష్కరణలు పుడతాయని, ఆర్థిక వ్యవస్థ ఎదుగుతుందని అర్థశాస్త్రజ్ఞులు చెబుతుంటారు. ఉదాహరణ అడిగితే సిలికాన్ వ్యాలీని చూపిస్తారు. 1980 తర్వాత అక్కడ మొదలైన హైటెక్ కంపెనీల్లో సుమారు నాలుగో వంతు 1998 నాటికి చైనా, భారత ఇంజనీర్ల చేతుల్లో నడుస్తున్నాయని శాక్సీనియన్ అనే పరిశోధకురాలు లెక్కగట్టింది. ఇందులో అబద్ధమేమీ లేదు. మేం మాత్రం ఇంకాస్త వెనక్కి, మలయా రబ్బరు తోటల దాకా పోదలచుకున్నాం.

1876లో బ్రెజిల్ నుంచి రబ్బరు విత్తనాలు లండన్‌కు చేరాయి. మరుసటేడు అక్కడి నుంచి 22 మొక్కలు సింగపూర్‌కొచ్చాయి. చెట్టు చావకుండా పాలు తీసే పద్ధతిని 1890లలో అక్కడి బొటానిక్ గార్డెన్స్ అధికారి రిడ్లీ రూపొందించాడు. మోటారు కార్లొచ్చాక టైర్లకు గిరాకీ పెరిగింది. ఇక కావలసింది మనుషులు. మలయ్ రైతులు సొంత పొలాలు వదిలి తోట కూలికి రాలేదు. అప్పుడు కంగాణీలు తమిళ ఊళ్ల మీద, విశాఖ, గోదావరి జిల్లాల మీద పడ్డారు. అడ్వాన్సులిచ్చి జనాన్ని ఓడలెక్కించారు. ఆ జనంలో భూమిలేని మాల, పరయ కుటుంబాలు ఎన్నో.

రబ్బరు గీయడం మొరటు పని కాదు. తెల్లవారుజామునే మొదలుపెట్టాలి, ఎండెక్కితే పాలు సరిగా కారవు. బెరడును పలచగా చెక్కాలి. కత్తి లోపలి పొరకు తగిలిందా, చెట్టుకు పుండే. రిడ్లీ పద్ధతిని రోజూ వందల చెట్ల మీద నిజం చేసింది ఈ చేతులే. ఆయనది ఆవిష్కరణ అయింది, వీళ్లది కూలి అయింది. (తోలు ఊనే కిటుకులన్నీ తెలిసిన మాదిగను మన ఊళ్లో ఎవరైనా శాస్త్రజ్ఞుడన్నారా?) లాభాలు లండన్ కంపెనీలకు పోయాయి. కూలీల పిల్లలకు దక్కింది తోటలో ప్రాథమిక బడి, అదీ ఉన్నచోట. 1938లో భారత ప్రభుత్వం ఈ కూలీ వలసను ఆపేసింది.

అమెరికా తలుపు 1965 చట్టంతో తెరుచుకుంది. 1990 చట్టం హెచ్1బి వీసా తెచ్చింది. ఆ వీసా కులం అడగదు, డిగ్రీ అడుగుతుంది. మరి డిగ్రీ ఎవరింట్లో ఉంది? ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్లు 1973 దాకా రాలేదు. అంటే మొదట విమానమెక్కింది ఎవరో వేరే చెప్పాలా? వాళ్లతో కులమూ ఎక్కింది. అక్కడి దళిత ఉద్యోగులు గట్టిగా గొంతెత్తాక 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడు అక్టోబరులో, సిలికాన్ వ్యాలీ ఉన్న కాలిఫోర్నియాలో, అట్లాంటి బిల్లునే గవర్నరు వీటో చేశాడు.