ధాతకఱవునాటి పనిపరీక్ష

ఆంగ్లదేశమున నిరుపేదలకై వర్కుహౌసులను గృహము లుండెడివి. వీనిని తెలుగున పనియిండ్లనవచ్చును. విక్టోరియా రాణి పట్టాభిషేకమునకు ముందే, 1834లో పుట్టిన బీదల చట్టము వీనిని కట్టుదిట్టము చేసెను. పనియింటిలోనివాని బ్రతుకు, వెలుపల మిక్కిలి తక్కువ కూలి పొందువాని బ్రతుకుకంటెను హీనముగా నుండవలెననుట యా చట్టపు సూత్రము. అట్లు గానిచో సోమరులు వచ్చి చేరుదురని దానిని వ్రాసినవారి భయము. కావున లోనికి వచ్చిన కుటుంబమును విడదీసి, పురుషులను, స్త్రీలను, బిడ్డలను వేర్వేఱు భాగములందుంచిరి. ఱాళ్లు కొట్టుట, పాత యోడత్రాళ్లను విప్పి నార తీయుట, యెముకలు పొడిచేయుట వారి పనులు. ఆండోవరు పట్టణమున పొడిచేయనిచ్చిన యెముకలనే యాకలిచే గీకి తినిరని 1845లో బయల్పడగా, పార్లమెంటు విచారణ జరిపించెను.

తెలంగాణమున మల్లాపురము, జగిత్యాల ప్రాంతములవారికి పరిచితమైన 'వెట్టి' దీనికి సమీపముగా దోచును. సంస్కృత 'విష్టి' శబ్దమునుండి వచ్చిన మాట యిది. కాని భేదము గలదు. వెట్టి చేయించుకొను దొరకు ఆ పనితో నవసరముండెను. పనియింటిలో ననేకముగా పనికంటె పని కష్టమే యావశ్యకము.

ఈ సూత్రము తెలుగు మండలములకు 1877లో వచ్చినది. అంతకు ముందటి యేడు వానలు తప్పి బళ్లారి, కర్నూలు, కడప మండలములు మాడిపోయెను. అనంతపుర మప్పటికి బళ్లారిలోనిదే. ఆ సంవత్సరము పేరు ధాత. ధరించుట, పోషించుట యను నర్థములుగల ధాతువునుండి యా శబ్ద మేర్పడినది. పోషకుని పేరిటి యేట జనులు తిండిలేక చచ్చిరి. గుంటూరు మండలమును నిర్మూలించిన 1832-33 నాటి కఱవు పేరు నందన కఱవు, అనగా నానందింపజేయునది. అఱువది సంవత్సరముల పేళ్లు పెట్టినవారిని దీనికై తప్పుపట్టరాదు.

1877 జనవరిలో వైస్రాయి లిట్టను పంపగా సర్ రిచర్డు టెంపులు చెన్నరాజధానికి వచ్చెను. కఱవుపనులలో ఖర్చు మితిమీరినదని యాయన తలంపు. మగకూలికి దినమున కొక పౌను ధాన్యమును, కొంచెము రొక్కమును చాలుననెను. ఒక పౌను సుమారు 39 తులముల యెత్తు, అనగా 80 తులముల సేరులో సగమునకు లోపు. దానితో నాతడు చెఱువు త్రవ్వవలెను, రోడ్డునకు కంకర కొట్టవలెను. చెన్నరాజధాని యారోగ్యాధికారియైన డాక్టరు కార్నిషు దీని నెదిరించెను. ఊరక కూర్చున్న దేహమునకు వలయు తిండి వేఱు, పనిచేయు దేహమునకు వలయునది వేఱు. పప్పు, కూరలు లేని వట్టి ధాన్యము దేహమును నిలుపజాలదు. ఒకటిన్నర పౌనుకు తక్కువ కూడదని యాయన వాదము. ఆ యేడే ప్రభుత్వము కూలి పెంచెను. అంతలోపల నెందఱి దేహములు క్షీణించెనో!

ఇక్కడ విచారింపవలసిన విషయ మొకటి గలదు. ఆంగ్లదేశమున పనిపరీక్షకు కొంత యుక్తి చెప్పవచ్చును. బయట కూలి దొరకునప్పుడు, దానిని కాదని లోనికి వచ్చువాడు నిజముగా గతిలేనివాడో కాడో యా పరీక్ష తెలుపవచ్చును. ధాత యేట బయట కూలియే లేదు. పరీక్ష తెలుపునది మనిషి యొంటిలో నింకెంత బలము మిగిలినదన్నదే. బలము మిగిలినవాడు గెలిచెను. నిజమైన యార్తుడు లేవలేక యింటనే పడియుండెను. ఇతరులు వండినది తినరాదను నాచారముగలవారిలో కొందఱు వంటశాలలున్న శిబిరములకు పోక పస్తులుండిరి.

అంతకు పదేండ్లకు ముందు, 1866 నాటి కఱవున, నేటి నంద్యాల జిల్లాలోని ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేలకొలది జనులకు తన ధాన్యముతో తిండి పెట్టించెను. ఆయన సోమరుల నేరుటకు పరీక్ష పెట్టినట్లు ప్రజలు చెప్పుకొనరు. ఒక్క గృహస్థుని దానము నాలుగు మండలములకు చాలదనుట సత్యమే.

1871, 1881 జనాభా లెక్కలను పోల్చిచూచిన, కర్నూలు మండలమున జనులు సుమారు నాలుగవవంతు తగ్గిరి. 1880 నాటి కఱవు కమీషను పనిపరీక్షను విడువలేదు. కాని పనిచేయలేనివారికి సాధ్యమైనంతవఱకు వారి యూళ్లలోనే సాయము చేయుట మేలని యొప్పుకొనెను. 1883లో ఆ సూచనల ననుసరించి కఱవు నిబంధనావళి యేర్పడెను. ఆంగ్లదేశపు బీదల చట్టము మాత్రము 1948వఱకు రద్దు కాలేదు.