పాలకోవాలో నిమ్మ ఘుమఘుమ!

పాలగిన్నె దగ్గరికి నిమ్మకాయను రానివ్వరు మన ఇళ్లలో. పులుసు కలిపిన గరిటె పొరపాటున పాలలో పెట్టారా... ఇక ఆ పూటంతా ఇంట్లో అదే గొడవ. అలాంటిది పాలనూ నిమ్మనూ కావాలని కలిపి, వెన్నలా నోట్లో కరిగే బిళ్లలు చేస్తారంటే ఎవరికైనా అనుమానమే. ఇంగ్లండు, అమెరికాల్లో దీని పేరు లెమన్ ఫడ్జ్. మన లెక్కలో చెప్పాలంటే నిమ్మ వాసన పట్టించిన మెత్తని పాలకోవా.

పేరు పరాయిదే కానీ సరుకంతా మన వాకిట్లోదే. కొల్లేటికి దక్షిణాన ఉన్న కలిదిండినే తీసుకోండి. 2022 ఏప్రిల్ 4 దాకా కృష్ణా జిల్లాలో ఉన్న ఈ మండలం ఇప్పుడు ఏలూరు జిల్లాలోకి వచ్చింది. ఆ జిల్లా కేంద్రం ఏలూరులోనే పేరున్న నిమ్మకాయల మార్కెట్ ఉంది. దెందులూరు, పెదవేగి వైపు మెట్ట తోటల నుంచి వచ్చే కాయ అక్కడి నుంచి ఉత్తరాదికి వెళుతుంది. ఎండాకాలంలో ఈ కాయ ధర చెట్టెక్కి కూర్చుంటుంది. 2022 ఏప్రిల్‌లో దేశమంతా నిమ్మకాయ గురించే మాట్లాడుకుంది, గుర్తుందిగా! వానలు పడి కాపు ఎక్కువైతే అదే కాయను అడిగేవాడుండడు. కోత కూలి కూడా రాని రోజులు రైతుకు కొత్త కాదు.

పాల సంగతి మాత్రం కాస్త చిక్కు. 1970ల చివరి నుంచి కొల్లేటి చుట్టుపక్కల చేపల చెరువులు పెరుగుతూ వచ్చాయి. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో సరస్సులోని చెరువుల గట్లు తెంచారు. సరస్సు బయట మాత్రం వరిచేలు చెరువులవుతూనే వచ్చాయి. చేను చెరువైతే ధాన్యంతోపాటు గడ్డివామీ పోతుంది. గడ్డివాము లేని ఇంట్లో గేదెను నిలబెట్టడం ఎంత కష్టమో పాడి ఉన్నవాళ్లను అడగండి. కైకలూరు, కలిదిండి వైపు చేప ఐసు పెట్టెల్లో లారీలెక్కి బెంగాల్, అస్సాం వెళుతుంటే, పెరట్లో గేదె కట్టు ఖాళీ అయిన ఇళ్లు పాల ప్యాకెట్టు కత్తిరించుకుంటున్నాయి. ప్యాకెట్టు పాలతో కోవా రాదని కాదు. ఏ ప్యాకెట్టన్నది చూసుకోవాలి. ఫుల్‌క్రీమ్ పాలలో వెన్న 6 శాతం. టోన్డ్‌లో 3, డబుల్ టోన్డ్‌లో ఒకటిన్నర. ఆ చివరి రకంతో గంటసేపు చెయ్యి నొప్పెట్టేలా కలిపి, ‘కోవా ఎందుకు ఇలా రబ్బరులా సాగుతోంది’ అని స్టవ్‌ను తిట్టుకుని లాభం లేదు. గేదె పాలు దొరికితే అంతకంటే కావాల్సింది లేదు.

పులుపు ఒకచోట... వాసన ఒకచోట!

నిమ్మకాయలో పులుపూ పరిమళమూ ఒకేచోట ఉండవు. ఈ మిఠాయి గుట్టంతా ఇదే. పులుపు రసంలో ఉంటుంది. ఘుమఘుమ తొక్కలో ఉంటుంది. తొక్కను వెలుతురుకేసి చూస్తే సన్నటి చుక్కలు కనిపిస్తాయే, అవన్నీ నూనె తిత్తులే. గోటితో గిచ్చితే ముక్కుకు తగిలేది ఆ నూనె. దానివల్ల పాలు విరగవు. పాలను విరగ్గొట్టేది రసంలోని సిట్రిక్ ఆమ్లం. పాల పీహెచ్ మామూలుగా 6.6 దగ్గర ఉంటుంది. పులుపు తగిలి అది 4.6 వైపు దిగేకొద్దీ పాలలోని కేసిన్ అనే మాంసకృత్తు ముద్దలు కడుతుంది. పాలు వేడిగా ఉంటే ఇంకా ముందే విరుగుతాయి.

ఈ కిటుకు మన అమ్మమ్మలకు తెలియనిదేం కాదు. మజ్జిగలో దబ్బాకు నలిపి వేసేది ఎందుకనుకున్నారు? పులుపు కోసం కాదు, వాసన కోసం. కోవాకైనా అదే పద్ధతి. మరుగుతున్న పాలలో రెండు దబ్బాకులో, నిమ్మాకులో వేసి పది నిమిషాల తర్వాత తీసేస్తే పాలకు ఏమీ కాదు, పరిమళం మాత్రం పడుతుంది. పెరట్లో దబ్బచెట్టు ఉన్నవాళ్లు అదృష్టవంతులు.

పాలను కావాలని విరగ్గొట్టే వంటకాలూ ఉన్నాయి. మన చేపలు తినే బెంగాలీలు రసగుల్లాకూ సందేశ్‌కూ పాలను పులుపుతో విరగ్గొట్టే మొదలుపెడతారు. కలాకంద్‌లో ఆ రవ్వరవ్వ తనం వచ్చేది కూడా మరిగే పాలకు కాస్త పులుపు తగిలించడం వల్లే. అంటే నిమ్మరసం ముందు పడితే కలాకంద్, చివర్లో పడితే ఫడ్జ్. అందుకే ఈ వంటలో ఎక్కడైనా పాలు విరిగితే పారబోయకండి. పంచదార వేసి దగ్గరపడేదాకా కలిపేయండి. ఇంట్లోవాళ్లకు కలాకంద్ చేశానని చెప్పండి, ఎవరూ కాదనరు.

ఫడ్జ్ పుట్టుక గురించి రూఢిగా చెప్పుకునే తొలి ఆధారం ఒక ఉత్తరం. అమెరికాలోని వాసర్ మహిళా కళాశాల విద్యార్థిని ఎమెలిన్ బాటర్స్‌బీ హార్ట్‌రిడ్జ్ రాసింది. తన సహవిద్యార్థిని బంధువు 1886లో బాల్టిమోర్‌లో దీన్ని చేస్తే పౌను 40 సెంట్లకు అమ్మారని అందులో ఉంది. ఆ పద్ధతి అడిగి తెలుసుకుని 1888లో కళాశాల వేలం కోసం తనే 30 పౌన్లు చేసింది. ఆ తర్వాత ఇతర మహిళా కళాశాలలకూ పాకింది. అప్పట్లో అది చాక్లెట్‌ది. నిమ్మ తర్వాత వచ్చి చేరింది.

ఉండపాకం వచ్చిందా?

పాలకోవాకూ ఫడ్జ్‌కూ తేడా పాకంలో ఉంది. కోవాను పాలు ఇగిరేదాకా కలుపుతూనే ఉంటాం. ఫడ్జ్‌ను ఉండపాకం దాకా ఉడికించి, దించి, కదపకుండా చల్లార్చి, ఆ తర్వాత గిలకొడతారు. వేడి మీద కలిపితే పంచదార పెద్దపెద్ద పలుకులుగా గడ్డకట్టి నాలుకకు ఇసుకలా తగులుతుంది. చల్లారాక గిలకొడితే కంటికి కనపడనంత సన్నటి పలుకులు కడుతుంది. ఆ సన్నదనాన్నే మన నోరు వెన్నలా ఉందంటుంది.

ఇక చేసే విధానం. లీటరున్నర గేదె పాలు, 300 గ్రాముల పంచదార, 40 గ్రాముల వెన్న, పండిన పసుపు రంగు నిమ్మకాయలు నాలుగు, చిటికెడు ఉప్పు... ఇంతే. అరకిలో పైమాటే వస్తుంది.

ముందు నిమ్మకాయలు గోరువెచ్చని నీళ్లలో రుద్ది కడిగి తుడవండి. తోటలో కొట్టిన మందంతా ఉండేది తొక్క మీదే మరి. సన్న రంధ్రాల తురుముపీట మీద పైపొర మాత్రమే తురమాలి. తెల్లటి లోపలి పొర తగిలిందా, చేదే! మన నిమ్మకాయ తొక్క విదేశీ లెమన్‌లా మందంగా ఉండదు కాబట్టి ఒకేచోట రెండుసార్లు రాయకండి. ఈ తురుమును వెన్నలో కలిపి మూత పెట్టండి. నిమ్మనూనె కొవ్వులో చక్కగా దిగుతుంది. వండేలోగా వెన్నంతా నిమ్మ వాసనే.

పాలను అడుగు మందంగా ఉన్న వెడల్పాటి గిన్నెలో మరిగించండి. స్టీలుదైనా సరే, కళాయి పోయించిన ఇత్తడిదైనా సరే. కళాయి లేని ఇత్తడికి పులుపు తగలకూడదు. అంచులకు అంటిన మీగడను గీకి మళ్లీ పాలలోకి తోస్తూ, మూడో వంతుకు వచ్చేదాకా ఓపిక పట్టాలి. ముప్పావుగంట నుంచి గంట. ఇక్కడ తొందరపడి మంట పెంచితే అడుగంటుంది, ఆ మాడు వాసనను ఏ నిమ్మకాయా కప్పలేదు. ఆకులు వేసేట్టయితే దించడానికి పది నిమిషాల ముందు వేసి తీసేయండి.

పంచదార, ఉప్పు వేయగానే పాలు మళ్లీ పలచబడతాయి, కంగారొద్దు. పంచదార పూర్తిగా కరిగేదాకా సన్నసెగ మీద, తర్వాత మధ్యస్థంగా మంట పెట్టి కలుపుతూ ఉడికించండి. బుడగలు పెద్దవై, గరిటె తిప్పితే అడుగు కనపడే దశలో చల్లటి నీళ్ల గిన్నెలో ఒక చుక్క వేసి చూడండి. వేళ్లతో కూడదీస్తే మెత్తటి ఉండ కావాలి. పైకి తీశాక వేళ్ల మధ్య చదునుగా వాలాలి. థర్మామీటరు ఉన్నవాళ్లకు 112 నుంచి 115 డిగ్రీల సెల్సియస్. లేనివాళ్లకు నీళ్లగిన్నె చాలు. అరిసెల పాకం చూసిన చెయ్యికి దీన్ని నేర్పక్కర్లేదు.

దించి, నిమ్మ వెన్నను పైన వేసి వదిలేయండి. కలపొద్దు. పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వొద్దు. గిన్నె అడుగున చెయ్యి పెడితే వెచ్చగా మాత్రమే తగలాలి. అప్పుడు రెండు టీస్పూన్ల నిమ్మరసం వేసి చెక్క తెడ్డుతో గిలకొట్టడం మొదలుపెట్టండి. ఇప్పుడు రసం ఎందుకు విరగ్గొట్టదు? వేడి తగ్గింది. పైగా చిక్కటి పంచదారా వెన్నా మధ్య అంత కొద్ది పులుపుకు మాంసకృత్తును ముద్ద కట్టించే ఓపిక ఉండదు. ఎనిమిది పది నిమిషాల్లో నిగనిగలాడే మెరుపు పోయి, ముద్ద మసకబారి బరువెక్కుతుంది. అదే గుర్తు. వెంటనే నెయ్యి రాసిన పళ్లెంలోకి తీసేయండి. నిమిషం ఆలస్యమైతే గిన్నెలోనే గట్టిపడి కూర్చుంటుంది. రెండు గంటలాగి ముక్కలు కోసుకోవచ్చు.

రసం రెండు స్పూన్లకు మించొద్దని గట్టిగా చెప్పడానికి కారణముంది. గులాబ్‌జామ్ పాకం గడ్డకట్టకుండా నాలుగు చుక్కల నిమ్మరసం పిండుతాం కదా. పులుపు పంచదారను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడగొట్టి పలుకు కట్టనివ్వదు. జామ్‌కు మేలు చేసేదే ఇక్కడ కీడు. రసం ఎక్కువైనా, ఉడుకుతుండగానే పోసినా బిళ్ల బిగవదు, స్పూనుతో తినాల్సి వస్తుంది. పుల్లగా కావాలంటే రసం కాదు, తొక్క తురుము పెంచండి. నాలుక సగం మోసపోతుంది.

బిళ్ల బిగవకపోతే నాలుగు స్పూన్ల పాలు పోసి కరిగించి మళ్లీ ఉండపాకానికి తేవడమే. ఇసుకలా అయినా మందు అదే. కొల్లేటి ప్రాంతంలో ఇంకో తిరకాసు, గాలిలో తేమ. ముసురు పట్టిన రోజు పంచదార మిఠాయి ఏదైనా చెమ్మ పీల్చుకుని జిగురెక్కుతుంది. అలాంటి రోజు పాకాన్ని ఒక్క పిసరు ముదరనివ్వండి, చల్లారగానే డబ్బాలో పెట్టి మూత బిగించండి. పాలు తగినంత ఇగిరితే ఫ్రిజ్‌లో వారం నిలుస్తుంది. బయట మాత్రం మన ఎండలకు రెండు రోజులే అనుకోండి.

ఓపిక లేనివాళ్లకు...

కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా ఒకటి, సుమారు 400 గ్రాములది తీసుకోండి. 50 గ్రాముల వెన్న, 200 గ్రాముల పాలపొడి కలిపి గిన్నె అంచులు వదిలేదాకా సన్నసెగ మీద కలిపితే పావుగంటలో అయిపోతుంది. దించాక నిమ్మ తురుము, స్పూను రసం. నిజం చెప్పాలంటే రుచి మొదటి దానికి ఒక మెట్టు కిందే, పాలపొడి వాసన పోదు. అయితే అనుకోని చుట్టాలు వచ్చిన రోజు మెట్ల లెక్క ఎవరు చూస్తారు!

కండెన్స్‌డ్ మిల్క్‌కూ నిమ్మకూ పాత స్నేహమే. అమెరికాలోని ఫ్లోరిడా వాళ్ల కీ లైమ్ పై అనే వంటకంలో ఈ రెండూ కలిస్తే పాలు చిక్కబడతాయి. 2006లో దాన్ని ఆ రాష్ట్రపు అధికారిక ‘పై’గా ప్రకటించుకున్నారు. వాళ్లు అంత గొప్పగా చెప్పుకునే కీ లైమ్ మరేదో కాదు, ఉత్తరాదివాళ్లు కాగ్జీ నింబూ అనే మన సన్నతొక్క నిమ్మకాయే.

నిమ్మ ఒక్కటే అని కూడా లేదు. నాగపూర్‌లో సంత్రా బర్ఫీ కొనని ప్రయాణికుడుండడు. కమలాపండు తొక్క తురుముతో మన దగ్గరా ఇలాగే చేసుకోవచ్చు. పుల్లదనం కోసం అప్పుడు కూడా నిమ్మరసం ఒక స్పూను వేయాల్సిందే. లేదంటే ఉత్త తీపి. దబ్బకాయ తొక్క వాసన మరీ ఘాటు, సగం కాయది చాలు.

కొట్లో ‘లెమన్’ అని అమ్మే పసుపు బిళ్లల్లో నిమ్మకాయ ఏపాటి ఉంటుందో రంగు చూస్తేనే తెలుస్తుంది. ఇంట్లో చేసింది పసుపు పచ్చగా ఉండదు. మీగడ రంగులో, అక్కడక్కడా సన్నటి తొక్క నలకలతో ఉంటుంది. పండగ ముందు బయట కోవా కొని చేసేవాళ్లయితే, కొద్దిగా నీళ్లలో ఉడికించి చల్లార్చి, రెండు చుక్కల టించర్ అయోడిన్ వేసి చూడండి. నీలం తిరిగితే పిండి కలిపారన్నమాట. చేతివాటం కుదిరి, చుట్టుపక్కలవాళ్లకు అమ్ముదామనుకుంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ చేయించుకోండి, ఇంటి నుంచి అమ్మినా అది తప్పనిసరి. కాయ చవగ్గా దొరికే వానాకాలంలోనే తురుమును వెన్నలో కలిపి డీప్‌ఫ్రిజ్‌లో పెట్టుకుంటే, ధర మండే ఏప్రిల్‌లో మార్కెట్‌కేసి చూడక్కర్లేదు.

అన్నట్టు, తొక్క తీసేసిన నిమ్మకాయలు తొందరగా ఎండి చెక్కలా అయిపోతాయి. మర్నాటికని దాచకుండా ఆ పూటే పులిహోర కలిపేయండి.